ఇస్లాం మీద అపోహలు: ఏది ఎప్పుడు పుట్టింది, ఎవరికి పనికొచ్చింది

ఫ్రెంచి సాహిత్యంలో తొలి గొప్ప వీరగాథగా చెప్పుకునే రోలాండ్ గీతం 1100 ప్రాంతంలో తయారైంది. అందులో ముస్లిం సైనికులు ముగ్గురు దేవుళ్ల విగ్రహాలను కొలుస్తారు. ఒకటి ముహమ్మద్‌ది, ఇంకొకటి గ్రీకుల అపోలోను గుర్తుచేసే అపోలిన్‌ది, మూడోది తెర్వగాన్ అనే ఎక్కడా లేని దేవుడిది. యుద్ధంలో ఓడిపోయాక వాళ్లే కోపం పట్టలేక ఆ విగ్రహాలను తిట్టి, పగలగొట్టి, గుంటలో పడేస్తారు. విగ్రహమంటేనే గిట్టని మతం గురించి కట్టిన కథ ఇది.

ఇందులో ఇంకో తిరకాసు ఉంది. కథకు ఆధారమైన పోరు 778లో పిరనీస్ కొండల్లో జరిగింది. షార్లమేన్ చక్రవర్తి సేన తిరిగి వస్తుంటే వెనక భాగాన్ని చావుదెబ్బ తీసింది బాస్క్ కొండవాళ్లని ఆయన చరిత్ర రాసిన ఐన్‌హార్డ్ చెప్పాడు. మూడు వందల ఏళ్ల తర్వాత కథ కావ్యంగా మారేసరికి బాస్కులు పోయి ముస్లింలు వచ్చారు. అప్పటికి 1095లో పోప్ రెండో అర్బన్ క్రూసేడ్లకు, అంటే జెరూసలేంను ముస్లింల నుంచి గెలుచుకోవాలన్న మతయుద్ధాలకు, పిలుపు ఇచ్చేశాడు. కొత్త యుద్ధానికి పాత కథ అక్కరకొచ్చింది.

ఇస్లాం మీద ఇప్పటికీ తిరుగుతున్న అపోహల్లో చాలావాటికి ఇలాంటి పుట్టుకే ఉంది. ఒక కాలంలో ఒకరి అవసరం కోసం పుట్టి, ఆ అవసరం తీరాక కూడా జనం నోళ్లలో మిగిలిపోయాయి. కొన్నింటిని పెంచడంలో ముస్లిం పాలకులు, రచయితల చెయ్యి కూడా ఉంది. ఆ సంగతి దాటేస్తే కథ సగమే చెప్పినట్టు.

విగ్రహారాధన మాటే తీసుకుందాం. రోలాండ్ గీతం నమ్మేవాళ్లు ఇప్పుడెవరూ లేరు గానీ, ‘మక్కాలోని కాబాలో నల్లరాయిని పూజిస్తారు కదా’ అనే ప్రశ్న మాత్రం బతికే ఉంది. దాని వయసు దాదాపు 1,300 ఏళ్లు. ఎనిమిదో శతాబ్దంలో డమాస్కస్ జాన్ అనే క్రైస్తవ సన్యాసి ఈ ప్రశ్న వేశాడు. ఆయన బయటివాడేం కాదు. వాళ్ల కుటుంబం అప్పటి ముస్లిం సామ్రాజ్యాన్ని ఏలిన ఉమయ్యద్ ఖలీఫాల ఆస్థానంలో కొలువు చేసింది. ‘మీరు శిలువను పూజిస్తున్నారు’ అని ముస్లింలు వేలెత్తి చూపితే, ‘మరి మీరు ఆ రాయిని ముద్దు పెట్టుకోరా’ అన్నది ఆయన ఎదురు ప్రశ్న. వాదనలో వాడిన ఆ మాటే తర్వాత చాలామందికి నిజమైపోయింది.

ఇదే రాయి గురించి రెండో ఖలీఫా ఉమర్ అన్న మాట బుఖారీ హదీసు సంకలనంలో, అంటే ప్రవక్త మాటలు, చేతల గురించిన కథనాల సంకలనంలో, ఉంది. ఆయన దాని ముందు నిలబడి, నువ్వు రాయివి, మేలూ చెయ్యలేవు, కీడూ చెయ్యలేవు, ప్రవక్త నిన్ను ముద్దాడటం చూడకపోయుంటే నేనూ ముద్దాడేవాణ్ని కాదు అన్నాడు. అంతకన్నా గట్టి సాక్ష్యం 930లో దొరుకుతుంది. కర్మతీయులనే తిరుగుబాటు వర్గం హజ్ రోజుల్లో మక్కా మీద పడి, యాత్రికులను చంపి, ఆ నల్లరాయిని పెకలించుకుపోయింది. అది తిరిగి వచ్చేసరికి రెండు దశాబ్దాలు దాటింది. అన్నేళ్లూ ముస్లింలు కాబా వైపే తిరిగి నమాజు చేశారు. అసలు మొదట్లో వాళ్లు నమాజు చేసింది జెరూసలేం వైపు. 624లో దాన్ని మక్కా వైపు మార్చారు. దిక్కు మార్చుకోగలిగారంటే అది దిక్కు మాత్రమే, దేవుడు కాదు.

ఐరోపాకు ఖురాన్ చేరిన తీరు కూడా చూడాలి. క్లూనీ మఠాధిపతి పీటర్ డబ్బిచ్చి రాయించిన తొలి లాటిన్ అనువాదం 1143లో పూర్తయింది. దాని పేరులోనే ముహమ్మద్‌ను ‘దొంగ ప్రవక్త’ అన్నారు. చదవడం మొదలుపెట్టకముందే తీర్పు అయిపోయింది! సరిగ్గా నాలుగు వందల ఏళ్లకు, 1543లో, బాసెల్ నగరంలో అదే అనువాదం అచ్చయింది. నగర పాలకులు ముందు ప్రతులను పట్టుకుని ప్రింటర్ ఒపోరినస్‌ను జైల్లో పెట్టారు. ప్రింటర్ తరఫున ఉత్తరం రాసినవాళ్లలో ప్రొటెస్టెంట్ ఉద్యమం మొదలుపెట్టిన మార్టిన్ లూథర్ ఒకడు. ముస్లింల మీద ప్రేమతో కాదు, ఆ పుస్తకాన్ని అందరూ చదివితేనే దాని తప్పులు బయటపడతాయని ఆయన వాదన. ఒట్టోమన్ (టర్కీ) సైన్యం వియన్నాను ముట్టడించి అప్పటికి పధ్నాలుగేళ్లే అయింది, ఆ భయం ఇంకా తగ్గలేదు. ఇంగ్లీషులో 1649లో వచ్చిన మొదటి అనువాదం అరబిక్ నుంచి కాదు, ఫ్రెంచి నుంచి. అరబిక్ మూలం చూసి జార్జ్ సేల్ చేసిన ఇంగ్లీషు అనువాదం కోసం 1734 దాకా ఆగాల్సి వచ్చింది.

ఇక అన్నిటికన్నా బలమైన అపోహ, ఇస్లాం కత్తితో వ్యాపించిందన్నది. దీన్ని కొట్టిపారేసే ముందు ఇందులో నిజమెంతో చెప్పాలి. ప్రవక్త 632లో చనిపోయాక వందేళ్లు తిరక్కుండానే అరబ్బు సైన్యాలు స్పెయిన్ నుంచి సింధు దాకా గెలిచాయి. అది కత్తి పనే. రాజ్యం కత్తితో వ్యాపించింది. మతం వ్యాపించిన కథ వేరు, చాలా నెమ్మది కూడా. రిచర్డ్ బుల్లియెట్ అనే అమెరికన్ చరిత్రకారుడు పాత జీవిత చరిత్ర నిఘంటువుల్లో పేర్లు ఏ తరంలో పర్షియన్ నుంచి అరబిక్‌కు మారాయో లెక్కగట్టి 1979లో పుస్తకం రాశాడు. ఇరాన్‌లో సగం జనం ముస్లింలు కావడానికి రెండు శతాబ్దాలకు దగ్గరగా పట్టిందని ఆయన అంచనా. ఈజిప్టులో ఇంకా ఎక్కువ కాలం పట్టింది. కోప్టిక్ క్రైస్తవులు ఇవాళ్టికీ అక్కడ పెద్ద సంఖ్యలో ఉన్నారు.

ఎందుకంత నెమ్మది? ఒక కారణం ఖజానా. ముస్లిమేతరులు జిజియా పన్ను కట్టాలి. అందరూ మతం మారితే ఆ రాబడి పోతుంది. అందుకే కొందరు ఉమయ్యద్ అధికారులు మతం మారినవాళ్ల దగ్గర కూడా జిజియా వసూలు చేస్తూ వచ్చారు. 717లో ఖలీఫా అయిన రెండో ఉమర్ (నల్లరాయి ముందు నిలబడ్డ ఉమర్ వేరు) దాన్ని ఆపమన్నాడు. ఆదాయం పడిపోతుందని అధికారులు మొరపెట్టుకుంటే, అల్లా ముహమ్మద్‌ను పంపింది పిలుపు ఇవ్వడానికే గానీ పన్నులు వసూలు చేయడానికి కాదని జవాబు రాశాడని చెబుతారు. బలవంతంగా మతం మార్చే ప్రభుత్వానికి వచ్చే కష్టం కాదిది. మతం మారి వస్తామంటే కూడా రానివ్వని ప్రభుత్వం కష్టం.

‘మతంలో బలవంతం లేదు’ అని ఖురాన్ 2:256 వాక్యం చెబుతుంది. అన్ని కాలాల్లో అందరూ దాన్ని పాటించారా అంటే, లేదు. పన్నెండో శతాబ్దంలో ఉత్తర ఆఫ్రికాను, స్పెయిన్‌ను ఏలిన అల్మొహద్‌లు యూదులను, క్రైస్తవులను మతం మారమని ఒత్తిడి చేశారు. యూదు తత్వవేత్త మైమోనిడీస్ కుటుంబం కార్డోబా వదిలి వెళ్లాల్సి వచ్చింది అందుకే. అదే మైమోనిడీస్ చివరికి స్థిరపడింది కైరోలో, ఈజిప్టు సుల్తాన్ సలాదిన్ ఆస్థాన వైద్యుడిగా. ఒక ముస్లిం రాజ్యం తరిమితే ఇంకో ముస్లిం రాజ్యం కొలువిచ్చింది. వీటిలో ఏదో ఒక్కటి చూపించి ‘ఇదే ఇస్లాం’ అనడం తేలిక, అందుకే ఎక్కువమంది అదే చేస్తారు.

కత్తి వాదాన్ని తలకిందులు చేసే ఉదాహరణ మంగోలులది. 1258లో హులాగూ ఖాన్ బాగ్దాద్‌ను నేలమట్టం చేసి ఖలీఫాను చంపించాడు. ఆ క్షణాన కత్తి ముస్లింల చేతిలో లేదు, వాళ్ల మెడ మీద ఉంది. నలభై ఏళ్లు తిరక్కుండానే, 1295లో, హులాగూ మునిమనవడు గజన్ ఖాన్ ముస్లిం అయ్యాడు. గెలిచినవాళ్లే ఓడినవాళ్ల మతం పుచ్చుకున్నారు. మరోపక్క ఇండోనేషియాకు ఏ అరబ్బు సైన్యమూ వెళ్లలేదు. సుమత్రా రేవుల్లో వర్తకులు, వాళ్ల వెంట సూఫీలు ఈ మతాన్ని నాటారు. అక్కడి సముద్ర పాసాయ్ రాజ్యపు సుల్తాన్ సమాధి రాయి మీద 1297 నాటి తేదీ ఉంది. ప్రపంచంలో ముస్లింలు ఎక్కువగా ఉన్న దేశం ఇప్పుడు ఇండోనేషియానే, 20 కోట్లకు పైమాట. ముస్లిం అంటే అరబ్బు అనుకునేవాళ్లు ఈ లెక్క చూస్తే చాలు. ప్రపంచ ముస్లింలలో అరబ్బులు అయిదో వంతు మించరు, అరబ్బుల్లో లక్షలాది మంది క్రైస్తవులున్నారు.

అలెగ్జాండ్రియా గ్రంథాలయం కథ చిన్నదే గానీ తమాషాగా ఉంటుంది. ఆ పుస్తకాలు ఖురాన్‌తో ఏకీభవిస్తే అనవసరం, విభేదిస్తే ప్రమాదం, రెండు విధాలా తగలబెట్టండి అని రెండో ఖలీఫా ఉమర్ హుకుం ఇచ్చాడనీ, నగరంలోని 4,000 స్నానశాలల్లో ఆరు నెలల పాటు ఆ పుస్తకాలతోనే నీళ్లు కాచారనీ చెబుతారు. అలెగ్జాండ్రియా అరబ్బుల వశమైంది 640ల మొదట్లో. ఆ శతాబ్దంలోనే ఆ దండయాత్రను తిట్టిపోస్తూ రాసిన ఈజిప్టు క్రైస్తవుడు, నికియు బిషప్ జాన్ ఈ ముక్కే ఎత్తలేదు. కథ కనిపించేది దాదాపు ఆరు వందల ఏళ్లు గడిచాక, పదమూడో శతాబ్దపు రాతల్లో. రాసిన తొలివాళ్లు ముస్లిం రచయితలే! వాళ్ల నుంచి సిరియన్ క్రైస్తవ పండితుడు బార్ హెబ్రయస్ అందుకున్నాడు, ఆయన రచన 1663లో లాటిన్‌లోకి వెళ్లాక ఐరోపా అంతా పాకింది. అసలు ఆ గ్రంథాలయం అరబ్బులు రావడానికి కొన్ని శతాబ్దాల ముందే చితికిపోయింది. ఇస్లాం అంటే చదువుకు శత్రువు అనే మాటకు ఇప్పటికీ ఈ కథనే సాక్ష్యంగా తెస్తుంటారు.

ఇప్పుడు జిహాద్. ఈ చర్చలో అందరూ ఎత్తేది ఖురాన్ 9:5 వాక్యం, బహుదైవారాధకులను ఎక్కడ కనిపిస్తే అక్కడ చంపమనేది. దీనికి నేపథ్యం 628లో మక్కా వాళ్లతో కుదిరిన హుదైబియా ఒప్పందం, దాన్ని మీరడం, ఆ తర్వాతి యుద్ధాలు. ముందు వాక్యం, 9:4, ఒప్పందానికి కట్టుబడినవాళ్లను మినహాయించింది. తర్వాతి వాక్యం 9:6 అయితే, ఆ బహుదైవారాధకుల్లో ఎవరైనా ఆశ్రయం కోరితే ఇవ్వాలనీ, వాళ్లకు క్షేమమైన చోటికి చేర్చాలనీ చెబుతుంది. ఇస్లాంను దుమ్మెత్తిపోసే కరపత్రంలోనూ, ఆయుధం పట్టమని రెచ్చగొట్టే కరపత్రంలోనూ 9:5 ఒక్కటే ఉంటుంది, పక్కన రెండూ ఉండవు. అలాగని తప్పంతా ఇప్పటివాళ్లదే అనలేం. ఈ ఒక్క వాక్యం శాంతి, సహనం చెప్పిన వందకు పైగా వాక్యాలను రద్దు చేసిందని వాదించిన పాత వ్యాఖ్యాతలున్నారు. అది ఒప్పుకోని పండితులూ అప్పుడే ఉన్నారు. ‘ఇస్లాం అంటే శాంతి, అంతే’ అని ఒక్క ముక్కలో తేల్చేసేవాళ్లు ఈ తగాదాను దాచేస్తున్నారు. వాళ్లది సదుద్దేశమే కావచ్చు, ఎదుటివాడు ఆ పాత వ్యాఖ్య తీసి చూపిస్తే మాత్రం నోట మాట ఉండదు.

జిహాద్ పేరు చెబితే ముస్లింలంతా ఒక్కటై కదులుతారన్న నమ్మకానికి 1914లో పెద్ద పరీక్షే జరిగింది. ఆ నవంబరులో ఒట్టోమన్ సామ్రాజ్య ప్రధాన మతాధికారి అయిన షేక్ ఉల్ ఇస్లాం బ్రిటన్, ఫ్రాన్స్, రష్యాల మీద జిహాద్ ఫత్వా ఇచ్చాడు. వెనక నుంచి ప్రోత్సహించింది జర్మనీ. ఆ మూడు సామ్రాజ్యాల్లో కోట్లమంది ముస్లింలున్నారు, వాళ్లు తిరగబడితే యుద్ధం గెలిచినట్టేనని లెక్క వేసుకున్నారు. అక్కడక్కడ అలజడి తప్ప ఆశించినదేదీ జరగలేదు. ఆ సామ్రాజ్యాల సైన్యాల్లోని ముస్లిం సిపాయిల్లో అత్యధికులు తమ కొలువు తాము చేశారు. 1916లో మక్కా షరీఫ్ హుసేనే బ్రిటన్‌తో చేయి కలిపి, ఖలీఫా కూడా అయిన ఒట్టోమన్ సుల్తాను మీద తిరుగుబాటు చేశాడు.

జిహాద్‌కు ఇప్పుడు మనకు తెలిసిన రూపం చాలా మటుకు 1979 తర్వాతిది. సోవియట్ సైన్యం అఫ్ఘానిస్థాన్‌లోకి దిగాక అమెరికా, సౌదీ డబ్బు పాకిస్థాన్ మీదుగా ఆ సైన్యంతో పోరాడే ముజాహిదీన్లకు చేరింది. 1983లో ముజాహిదీన్ ప్రతినిధులు వైట్‌హౌస్‌లో అధ్యక్షుడు రీగన్ ఎదురుగా కూర్చున్నారు. అమెరికా ప్రభుత్వ నిధులతో నెబ్రాస్కా విశ్వవిద్యాలయం ఆ రోజుల్లో అఫ్ఘాన్ పిల్లలకు తయారు చేయించిన పాఠ్యపుస్తకాల్లో తుపాకులు, తూటాల బొమ్మలతో కూడికలు నేర్పారు. తూటా వేగం ఇంత, శత్రువు ఇంత దూరంలో ఉన్నాడు, ఎన్ని సెకన్లలో తగులుతుంది అని లెక్క! 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత ‘ఇది వాళ్ల మతంలోనే ఉంది’ అన్న విశ్లేషణలు కుప్పలు తెప్పలుగా వచ్చాయి. ఆ లెక్కల పుస్తకాల ఊసు వాటిలో చాలా అరుదు. నాలుగు రోజులకే అరిజోనా రాష్ట్రంలో ఒకడు ముస్లిం అనుకుని కాల్చి చంపింది, తలపాగా కట్టుకున్న ఒక సిక్కును.

ఆడవాళ్ల విషయంలో అపోహ చరిత్ర మరీ వింత. ఖురాన్ నాలుగో అధ్యాయం ఏడో శతాబ్దంలోనే కూతురికి, భార్యకు, తల్లికి ఆస్తిలో వాటా ఖాయం చేసింది. ఎక్కువ సందర్భాల్లో కొడుకు వాటాలో సగమే, అది సమానం కాదు. అయినా ఆ ఆస్తి ఆమెది, భర్త ముట్టుకోవడానికి లేదు. ఇంగ్లండులో పెళ్లయిన స్త్రీకి తన ఆస్తి మీద పూర్తి హక్కు వచ్చింది 1882 చట్టంతో. ఈజిప్టును 1907 దాకా బ్రిటన్ తరఫున ఏలిన లార్డ్ క్రోమర్ మాత్రం ఇస్లాం స్త్రీలను అణచివేస్తోందనీ, పరదా తీస్తే తప్ప ఆ దేశం బాగుపడదనీ రాశాడు. అక్కడ ఆడపిల్లల బడులకు మాత్రం నిధులు బిగించాడు. స్వదేశం వెళ్లాక స్త్రీలకు ఓటు హక్కు ఇవ్వకూడదని పోరాడే మగవాళ్ల సంఘానికి అధ్యక్షుడయ్యాడు.

ఇస్లాం ఖాతాలో పడ్డ కొన్ని దురాచారాలు ఇస్లాం కన్నా పాతవి. ఆడపిల్లలకు సున్తీ చేయించే ఆచారం ప్రస్తావన ఈజిప్టులో క్రీస్తుపూర్వం 163 నాటి గ్రీకు పత్రంలోనే ఉంది. అక్కడి క్రైస్తవుల్లోనూ ఆ ఆచారం కనిపిస్తుంది, చాలా ముస్లిం దేశాల్లో కనిపించదు. దానికి మతం ముసుగు వేసిన మౌల్వీలు మాత్రం ఉన్నారు, ఆ తప్పు బయటివాళ్లది కాదు. 2007లో ఒక బాలిక చనిపోయాక ఈజిప్టు గ్రాండ్ ముఫ్తీ అది నిషిద్ధమని ప్రకటించాల్సి వచ్చింది.

షరియత్ అంటే ఎక్కడో అచ్చేసి పెట్టిన ఒకే చట్టం పుస్తకం అనుకోవడం వల్ల కూడా చిక్కులొస్తాయి. సున్నీల్లోనే నాలుగు న్యాయ సంప్రదాయాలున్నాయి, షియాలది వేరు. ఒకే గ్రంథం చదివి 1956లో ట్యునీషియా బహుభార్యత్వాన్ని నిషేధించింది. భార్యలందరినీ సమానంగా చూడగలిగితేనే అని 4:3, అది మీవల్ల కాదని 4:129 చెబుతున్నాయి కాబట్టి అసలు వద్దన్నట్టేనని వాళ్ల వాదన. సౌదీ పండితులు అదే వాక్యాలను అనుమతిగా చదివారు. 2022 డిసెంబరులో తాలిబన్లు అమ్మాయిలకు యూనివర్సిటీ తలుపులు మూసినప్పుడు, కైరోలోని సున్నీ విద్యాపీఠం అల్ అజ్హర్ పెద్ద ఇమామ్ అహ్మద్ అల్ తయ్యిబ్ అది షరియత్‌కే విరుద్ధమని ఖండించాడు. తాలిబన్లు ఆ మాట చెవిన పెట్టలేదు. తమదే అసలు షరియత్ అన్నారు.