స్తంభం దిగిన తీగలు: కొన్ని అపోహలు, వాస్తవాలు

2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. భూగర్భ కేబుళ్ల పనిలో ఉన్నవాడినని తెలిసి, అప్పటి నుంచి ఇంటికి వచ్చిన చుట్టాలు కూడా నన్ను ‘ఈ తీగలన్నీ భూమిలో వేసేస్తే సరిపోదా?’ అని అడుగుతున్నారు.

అపోహ: స్తంభానికి వేలాడే గుబురంతా కరెంటు తీగలే.

వాస్తవం: చాలావరకు కాదు. పైన ఇన్సులేటర్ల మీద ఎడం ఎడంగా సాగేవి కరెంటువి. తలకు తగిలేంత కిందికి జారి, చుట్టలు చుట్టుకుని ఉండేవి ఇంటర్నెట్, కేబుల్ టీవీ వాళ్లవి. కనెక్షన్ మారితే కొత్త తీగ లాగుతారు, పాతది విప్పరు. వీటికీ భూమిలో గొట్టాలు వేయకపోతే, కరెంటు తీగలు కిందికి దిగినా వీధి దీపాల స్తంభాలకు ఈ గుబురు అలాగే ఉంటుంది.

అపోహ: ఫైబర్ అంటే గాజే కదా, కరెంటు పారదు.

వాస్తవం: గాజులో పారదు. కానీ బరువు మోయడానికి చాలా కేబుళ్లలో ఉక్కు తీగ ఉంటుంది. అది 11 కేవీ (11 వేల వోల్టుల) లైనుకు తగిలితే కింద వేలాడే కొసలోనూ ప్రాణం తీసే కరెంటే.

అపోహ: భూమిలో వేస్తే ఇక కరెంటు పోదు.

వాస్తవం: గాలివాన వరకు నిజమే. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వేల స్తంభాలను పడగొట్టాకే ప్రపంచ బ్యాంకు రుణంతో విశాఖలో భూగర్భ కేబుళ్లు వేశారు. అయితే పైలైను మీద కొమ్మ పడితే బ్రేకర్ పడిపోయి సరఫరా ఆగుతుంది. కొమ్మ జారిపోతే మళ్లీ వేయగానే నిలుస్తుంది. కేబుల్ ఇన్సులేషన్, అంటే కరెంటును బయటికి రానివ్వని పొర, ఒకసారి కాలిందంటే అతుక్కోదు. ముందు ఎక్కడ కాలిందో తెలియాలి. థంపర్ అనే యంత్రంతో కేబుల్‌లోకి హైవోల్టేజి దెబ్బలు పంపుతూ, చెవికి హెడ్‌ఫోన్ పెట్టుకుని రోడ్డు మీద నడుస్తూ నేలలో ‘ధబ్’ మనే చోటు వెతుకుతాం. పగలు లారీల మోతలో అది వినిపించదు కనుక ఈ నడక ఎక్కువగా అర్ధరాత్రే. ఆపైన తవ్వాలి, కోయాలి, కొత్త ముక్క వేసి రెండు జాయింట్లు చేయాలి. అంతసేపూ మీ ఇంట్లో చీకటి ఉండకూడదంటే రెండో వైపు నుంచి సరఫరా ఇచ్చే రింగ్ మెయిన్ ఉండాలి. మీ వీధిలో పని మొదలైతే ముందుగా అడగాల్సింది దాని గురించే.

అపోహ: కేబుల్‌కు శత్రువు వాననీరు.

వాస్తవం: పై తొడుగు చెక్కుచెదరని కేబుల్ నీళ్లలోనూ పనిచేస్తుంది. నేను ఎక్కువగా చూసిన శత్రువులు జేసీబీ, చెడ్డ జాయింటు. జాయింటు చేసేటప్పుడు కత్తి ఇన్సులేషన్‌లోకి వెంట్రుకవాసి లోతుకు దిగినా, చెమట చేయి తగిలినా అప్పుడు ఏమీ కాదు, కొన్నేళ్లకు పేలుతుంది. ఇక జేసీబీ సంగతి. ప్రమాణాల ప్రకారం 11 కేవీ కేబుల్ 90 సెంటీమీటర్ల లోతున, 33 కేవీ 105 సెంటీమీటర్ల లోతున ఉండాలి. దాని మీద ఇసుక, పలకలు, హెచ్చరిక టేపు వేస్తాం. తరువాత రోడ్డును చెక్కి చదును చేస్తే ఆ లోతు తగ్గుతుంది. ఒకసారి మాకు దొరికిన పాత మ్యాపులో కేబుల్ ఉన్న చోటు ‘వేపచెట్టుకు రెండు మీటర్లు’ అని రాసి ఉంది. రోడ్డు వెడల్పులో ఆ చెట్టు ఎప్పుడో పోయింది!

అపోహ: తీగలు కిందికి వెళ్తే షాకు భయం లేదు.

వాస్తవం: ఫుట్‌పాత్ మీద పిల్లర్ బాక్సులు, అంటే కేబుల్ నుంచి ఇళ్లకు కరెంటు పంచే పెట్టెలు, మిగులుతాయి. తలుపు ఊడిన పెట్టె కనిపిస్తే దగ్గరికి వెళ్లకండి, పిల్లలను వెళ్లనివ్వకండి. వెంటనే 1912కు ఫోను చేసి చెప్పండి.