గొత్తికోయ గూడేల్లో ఆడవాళ్ల సంఘం: అపోహలు - వాస్తవాలు

ములుగు, భూపాలపల్లి అడవుల్లో, ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి గూడేలు కట్టుకున్న గొత్తికోయ ఆదివాసీ ఆడవాళ్లతో పనిచేస్తున్నానని హనుమకొండలో ఎవరికైనా చెప్తే చాలు, సలహాలు మొదలవుతాయి.

అపోహ: వాళ్లు ఎక్కడి నుంచో వచ్చినోళ్లు, ఇక్కడ అడిగే హక్కెక్కడిది?

వాస్తవం: ఛత్తీస్‌గఢ్ ఏమైనా వేరే దేశమా? పోడు కోసం, కూలి కోసం ముందే వచ్చినవాళ్లున్నారు గానీ, 2005లో అక్కడి బస్తర్‌లో మావోయిస్టుల మీదికి సర్కారు అండతో సల్వాజుడుం దళాలు మొదలయ్యాక ఒకవైపు ఆ దళాలు, ఇంకోవైపు మావోయిస్టులు, నడుమ ఊళ్లు కాలిపోతుంటే పిల్లల్ని చంకనేసుకుని వచ్చినవాళ్లే చాలామంది. దేశంలో ఎక్కడైనా ఉండొచ్చని రాజ్యాంగం 19వ అధికరణమే చెప్పింది.

అపోహ: కులం సర్టిఫికెట్ రానిదే సంఘం పెట్టి లాభం లేదు.

వాస్తవం: ఛత్తీస్‌గఢ్‌లో వీళ్లు ఎస్టీలే. సరిహద్దు దాటితే కాదు, ఎందుకంటే ఆ జాబితా రాష్ట్రానికొకటి. పోడు పట్టాకేమో 2005 డిసెంబరు 13 నాటికే సాగులో ఉండాలి, ఆ తర్వాత పారిపోయి వచ్చినామె ఏం చూపిస్తుంది? ఇది పెద్ద చిక్కే, కాదనను. కానీ అంగన్‌వాడీ భోజనానికి, పిల్లల టీకాలకు, చేతిపంపుకు కులంతో పనేంటి? అందుకే మేం అక్కడ మొదలుపెడతాం.

అపోహ: సంఘం అంటే ఏంటో వాళ్లకు మనమే నేర్పాలి.

వాస్తవం: మిర్చి ఏరే రోజుల్లో ఒక్కసారి వెళ్లి చూడండి. ఎవరి చేనుకు పోవాలి, ఎవరి చంటిపిల్లను ఎవరు చూడాలి, అన్నీ పొద్దున్నే తేలిపోతాయి. రైతుతో మాట్లాడేది తెలుగొచ్చిన పిల్లే, రేటు తేల్చేది మాత్రం వెనకాల ఏమీ పట్టనట్టు కూర్చున్న ముసలామె, ఆమె తల ఊపితేనే బేరం కుదిరినట్టు. సాయంత్రం మంటలెత్తే చేతులతో ఇంటికొచ్చినవాళ్లను కూర్చోబెట్టి రిజిస్టర్‌లో సంతకాలు నేర్పిస్తామని కొందరు బయల్దేరతారు, వాళ్లకో దండం.

అపోహ: గూడెం పెద్దతో మాట్లాడితే సరిపోతుంది.

వాస్తవం: ఆయన్ను కలవకుండా పోతే తప్పే. ఆయన్నొక్కడినే కలిసి వచ్చేస్తే ఇంకా పెద్ద తప్పు. చెలిమలో నీళ్లు తోడి మోసేది ఆయన కాదుగా!

అపోహ: ధైర్యంగా మాట్లాడే ఒకామెను లీడర్‌ని చేస్తే పని తొందరగా అవుతుంది.

వాస్తవం: అడవిలో ఉన్న గుడిసె ఇది, ఎప్పుడు ఖాళీ చేయమంటారో తెలీదు. కాగితం మీద ఒక్క పేరుంటే టెన్షన్ మొత్తం ఆమె ఇంటికే వస్తుంది. చేతిపంపు దరఖాస్తు మీద అందరి వేలిముద్రలూ ఒకే పూట వేయించండి, ఇవ్వడానికి కనీసం ఐదారుగురు కలిసి పోండి, రసీదు చేతికి రాకుండా ఆఫీసు మెట్లు దిగకండి.