మారియో గడియారం ఎందుకు ఆగింది? ప్లాట్‌ఫామ్ గేముల్లో టైమ్ లిమిట్ వెనక కథ

2023 అక్టోబరులో విడుదలైన 'సూపర్ మారియో బ్రదర్స్ వండర్'లో టైమర్ లేదు. ఎడమ నుంచి కుడికి సాగే మారియో ఆటల్లో, ఒకటి రెండు మినహాయింపులు పక్కన పెడితే, 1985 నుంచీ స్క్రీన్ పైన మూడంకెల లెక్క తగ్గుతూ ఉండేది. అది సున్నాకు చేరితే ఒక లైఫ్ పోయినట్టే. 38 ఏళ్ల అలవాటు ఇలా పోయిందేమిటన్న ప్రశ్నకు జవాబు ఆ ఒక్క ఆటలో దొరకదు. టైమర్ మొదట ఎవరి అవసరం కోసం పుట్టిందో, ఆ అవసరం తీరాక కూడా ఎందుకు నిలిచిందో చూడాలి.

నాణెం కోసం పెట్టిన గడువు

ఆర్కేడ్ మెషీన్‌కు, అంటే బయట నాణెం వేసి ఆడే గేమ్ పెట్టెకు, నాణెం పడితేనే రాబడి. ఆటగాడు ప్రమాదం లేని మూల చూసుకుని నిలబడిపోతే దాని యజమానికి నష్టం. షూటింగ్ ఆటల్లో శత్రువులు మీదికి వస్తూనే ఉంటారు గనుక ఈ చిక్కు తక్కువ. నిచ్చెనలెక్కుతూ, దూకుతూ సాగే ప్లాట్‌ఫామ్ ఆటలో మాత్రం కదలకుండా ఉండే వీలు ఎక్కువ. 1981లో వచ్చిన 'డాంకీ కాంగ్' దీనికి 'బోనస్' అనే చిన్న పెట్టెతో పరిష్కారం చూపింది. మొదటి లెవెల్‌లో అది 5000 దగ్గర మొదలై వంద చొప్పున తగ్గుతుంది. పైకి చేరేసరికి ఎంత మిగిలితే అంత స్కోరులో కలుస్తుంది. సున్నా అయితే మారియో చనిపోతాడు. బహుమతి, శిక్ష ఒకే అంకెలో ఇమిడిపోయాయి. తర్వాతి ఆటల్లో చాలా వరకు ఈ సూత్రాన్నే తలో రకంగా వాడుకున్నాయి.

ఆ ఆటను చివరికి ఆపేసేది కూడా ఈ టైమరే. లెవెల్ సంఖ్యకు 4 కలిపి 10తో గుణిస్తే ఎన్ని వందల బోనస్ ఇవ్వాలో వస్తుంది. లెవెల్ 1లో 50, అంటే 5000. లెవెల్ 4లో 80, అంటే 8000. ఆపైన ఎంత వచ్చినా 80 దగ్గరే ఆపేస్తారు. లెవెల్ 22 వచ్చేసరికి గుణకారం ఫలితం 260. ఆ అంకెను దాచే ఎనిమిది బిట్ల మెమరీ గడిలో 255కు మించి పట్టదు కాబట్టి 256 పోయి 4 మిగులుతుంది. 80 దాటిందా అన్న పరీక్ష ఆ తర్వాత జరుగుతుంది గనుక ఈ 4 దాని కంట పడదు. ఆటగాడి చేతికి వచ్చేది 400 బోనస్. ఎంత నేర్పరి అయినా మొదటి రెండు మూడు అంతస్తులు ఎక్కేలోపే గడువు తీరిపోతుంది. హై స్కోరు కోసం ఆడేవాళ్లు ఈ గోడ ఉందని తెలిసే, దానికి ముందే పాయింట్లన్నీ పిండుకునేలా ఆడతారు.

ఆట మొత్తానికి ఒకే గడియారం

ఇంటి కన్సోల్‌లో నాణెం లేదు. అయినా గడువు పోలేదు, దాని పని మారింది. 1982లో అటారీ 2600 కోసం డేవిడ్ క్రేన్ తయారు చేసిన 'పిట్‌ఫాల్'లో ఆట మొత్తానికి 20 నిమిషాలు. అడవి 255 స్క్రీన్లు, నిధులు 32. 1200 సెకన్లను 255తో భాగిస్తే ఒక్కో స్క్రీన్‌కు ఐదు సెకన్లు కూడా రావు. మొసళ్లు, గుంటలు, దొర్లే దుంగలు దాటుకుంటూ నేల మీదే తిరిగితే నిధులన్నీ దక్కడం కల్ల. కింది సొరంగంలో ఒక స్క్రీన్ దాటితే పైన మూడు దాటినట్టు. కానీ సొరంగాల్లో కొన్ని గోడలతో మూసుకుపోయి ఉంటాయి. కాబట్టి ఎక్కడ దిగాలి, ఎక్కడ పైకి రావాలి అని కాగితం మీద మ్యాప్ గీసుకుంటే తప్ప పూర్తి స్కోరు 1,14,000 రాదు. ఇక్కడ టైమర్ లేకపోతే సొరంగాలకు అర్థమే లేదు.

1989లో జోర్డన్ మెక్నర్ ఆపిల్ 2 కోసం చేసిన 'ప్రిన్స్ ఆఫ్ పర్షియా' ఇంకా కఠినం. కథలో యువరాణికి ఇచ్చిన గడువు గంట. ఆటగాడికీ నిజంగా 60 నిమిషాలే. చనిపోతే లెవెల్ మొదటి నుంచి ఆడుకోవచ్చు, లైఫ్‌ల లెక్క లేదు, కానీ గడియారం వెనక్కి పోదు. అందుకే ప్రతి తప్పుకూ ధర నిమిషాల్లోనే చెల్లించాలి. ఇందులో ఒక పెద్ద లోపం ఉంది. సేవ్ చేస్తే మిగిలిన సమయం కూడా దాంతో సేవ్ అవుతుంది. లెవెల్ 9లో ఎనిమిది నిమిషాలతో సేవ్ చేసుకున్న ఆటగాడి దగ్గర ఉన్నది పనికిరాని సేవ్. ఆ సంగతి చెప్పే దిక్కు ఆటలో లేదు. 1992లో సూపర్ నింటెండోకు వచ్చిన రూపంలో లెవెళ్లను 20కి పెంచి గడువును 120 నిమిషాలు చేశారు, అంతేగాని ఈ చిక్కు తీరలేదు.

400 అంటే ఎంత?

లెవెల్‌కొక గడువు అనే పద్ధతిని ప్రపంచానికి అలవాటు చేసింది 1985 నాటి 'సూపర్ మారియో బ్రదర్స్'. 1-1 (ఒకటో లోకంలో ఒకటో లెవెల్) మొదలవగానే కనిపించే 400ని చాలామంది సెకన్లనుకుంటారు. ఆ ఆట నడిచే కన్సోల్ సెకనుకు 60 ఫ్రేములు, అంటే 60 బొమ్మలు గీస్తుంది, టైమర్ 24 ఫ్రేములకొకసారి ఒకటి తగ్గుతుంది. అంటే ఒక్కో అంకె 0.4 సెకను. 400 అంటే 2 నిమిషాల 40 సెకన్లు, 300 అంటే 2 నిమిషాలు.

ఇప్పుడు దూరం సంగతి. నడిచే మారియో ఫ్రేముకు 1.5 పిక్సెళ్లు, పరిగెత్తే మారియో 2.5 పిక్సెళ్లు జరుగుతాడు. ఒక ఇటుక వెడల్పు 16 పిక్సెళ్లు. టైమర్ ఒక అంకె తగ్గేలోపు నడక రెండు ఇటుకలకు కాస్త ఎక్కువ, పరుగు నాలుగుకు కాస్త తక్కువ. 1-1లో జెండా కర్ర దాకా దూరం సుమారు 200 ఇటుకలు. ఎక్కడా ఆగకుండా నడిస్తే 90 అంకెలు, పరిగెత్తితే 55 లోపే. ఇచ్చినవి 400. కొత్తవాడు ప్రతి ఇటుకనూ తలతో కొట్టి చూసినా, పైపుల మీద నిలబడి ఆలోచించినా సరిపోయేంత వెసులుబాటు. అదే 8-1కి వచ్చేసరికి లెవెల్ బాగా పొడవు, ఇచ్చేది 300. ఆటలో అప్పటిదాకా పట్టించుకోని అంకె అక్కడ మొదటిసారి బరువుగా తగులుతుంది. ఒకే టైమర్‌ను మొదట్లో ఉదారంగా, చివర్లో బిగించి వాడటం చాలా తెలివైన పని. తర్వాత అనుకరించిన ఆటలు ఎక్కువగా అంకెను తీసుకున్నాయి, ఈ సర్దుబాటును వదిలేశాయి.

టైమర్ 100 తాకగానే ఒక హెచ్చరిక మోగి సంగీతం వేగం పెరుగుతుంది. చేతిలో ఉన్నది 40 సెకన్లు. అంకె చూసే తీరిక లేనివాడికి చెవి ద్వారా చెప్పడం ఇది. గెలిస్తే మిగిలిన ఒక్కో అంకెకు 50 పాయింట్లు. జెండా తాకేటప్పుడు చివరి అంకె 1, 3 లేదా 6 అయితే అన్నే బాణసంచాలు, ఒక్కోదానికి 500 పాయింట్లు. స్కోరు కోసం ఆడేవాళ్లు ఆ అంకె కోసం జెండా ముందు కాచుకుంటారు. స్పీడ్‌రన్ ఆడేవాళ్లు, అంటే ఆటను వీలైనంత త్వరగా ముగించాలని చూసేవాళ్లు, వాటిని తప్పించుకుంటారు, ఎందుకంటే బాణసంచా పేలేంతసేపూ అసలు గడియారంలో సమయం పోతుంది.

పైకి కనిపించని మరో పని కూడా ఈ టైమర్ చేస్తుంది. 4-4, 7-4, 8-4 కోటల్లో తప్పు దారి పడితే అదే చోటు మళ్లీ మళ్లీ వస్తుంది. 1-2 చివర గోడలోంచి దూరితే చేరే 'మైనస్ లోకం'లోనూ అంతే, బయటికి పైపు ఉన్నా అది మొదటికే తెస్తుంది. ఇలాంటి చోట ఆటగాడిని విడిపించేది టైమ్ అయిపోవడమే. టైమర్ తీసేయాలనుకునే డిజైనర్ ముందు ఈ పనికి ప్రత్యామ్నాయం చూసుకోవాలి. పాజ్ మెనూలో 'లెవెల్ వదిలేయి' అన్న ఒక్క లైను చాలు, కానీ అది ఉండి తీరాలి.

1990ల్లో మన ఇళ్లలో టీవీకి తగిలించి ఆడిన క్యాసెట్ గేములకూ దీనితో సంబంధం ఉంది. మన టీవీలు సెకనుకు 50 ఫీల్డుల పాల్ పద్ధతివి. దానికి తగ్గట్టు చేసిన నకలు పెట్టెలో 60 ఫ్రేముల ఆట నడిస్తే ఒక్కో అంకె 0.48 సెకను అవుతుంది, 400 కాస్తా 3 నిమిషాల 12 సెకన్లకు సాగుతుంది. అయితే మారియో అడుగు కూడా ఫ్రేముల లెక్కే కాబట్టి అతనూ అంతే నెమ్మదిస్తాడు. దూరానికీ గడువుకూ ఉన్న నిష్పత్తి చెక్కుచెదరదు. లాభపడేది ఆటగాడి వేళ్లే, ఆలోచించుకోవడానికి కాస్త ఎక్కువ సమయం దొరుకుతుంది.

పైకి లెక్కపెట్టే గడియారం

1991లో 'సోనిక్ ది హెడ్జ్‌హాగ్' లెక్కను తిరగేసింది. గడియారం సున్నా నుంచి పైకి పోతుంది. 30 సెకన్లలోపు యాక్ట్ (ఈ ఆటలో ఒక్కో లెవెల్‌కు పేరు) పూర్తి చేస్తే 50,000 పాయింట్లు, నిమిషం దాటితే 4,000, ఆ తర్వాత ఇంకా తగ్గుతూ పోతాయి. ఇది వేగంగా పరిగెత్తడాన్ని పొగిడే టైమర్, బెదిరించేది కాదు. కానీ 9:59 దాటితే 'టైమ్ ఓవర్', ఒక లైఫ్ పోతుంది. మొదటి ఆటలో యాక్ట్‌లు రెండు మూడు నిమిషాల్లో తేలిపోతాయి కాబట్టి ఈ నిబంధన ఉన్నట్టే చాలామందికి తెలియదు.

తర్వాతి భాగాల్లో యాక్ట్‌లు పెరిగాయి, బాస్‌లు చేరారు, పది నిమిషాలు మాత్రం మారలేదు. 1994 నాటి 'సోనిక్ 3'లో కార్నివాల్ నైట్ రెండో యాక్ట్‌లో ఒక గీతల పీపా దారి కడుతుంది. దాని మీద నిలబడి పైకి, కిందికి బాణాలు మార్చి మార్చి నొక్కితే ఊగి కిందికి దిగుతుంది. అప్పటిదాకా ఆటలో ఎక్కడా అలా చేయాల్సిన పని పడలేదు. ఆటగాళ్లు దాని మీద ఎగురుతూనే పది నిమిషాలు గడిపేశారు. పజిల్ అర్థం కాకపోవడం ఒక దెబ్బ, గడువు తీరి ఒక లైఫ్ పోవడం రెండో దెబ్బ. ఇంకో సమస్య చెక్‌పాయింట్, అంటే చనిపోతే తిరిగి మొదలయ్యే చోటు. దీపస్తంభం తాకితే ఆ క్షణం గడియారం కూడా గుర్తుంటుంది. ఏడో నిమిషంలో తాకి చనిపోతే మళ్లీ ఏడో నిమిషంలోనే లేస్తారు. 2017 నాటి 'సోనిక్ మేనియా' కూడా ఇంత పొడవైన యాక్ట్‌లతో ఈ పది నిమిషాల హద్దును ఉంచుకుంది. అది అవసరం లేని పట్టుదల.

అదే సోనిక్‌లో నీటి అడుగున ఊపిరి మాత్రం అద్భుతంగా పనిచేస్తుంది. 30 సెకన్లు. 25, 20, 15 దగ్గర గంట, 12 దగ్గర వణికించే సంగీతం, ఐదు నుంచి అంకెలు రెండేసి సెకన్లకొకటి. గాలి బుడగ మింగితే మళ్లీ మొత్తం నిండుతుంది. గడువు చిన్నది, కారణం కళ్లముందు ఉంది, తప్పించుకునే దారీ అక్కడే ఉంది. పది నిమిషాల నిబంధనకు ఈ మూడూ లేవు.

అంకె లేని గడువు

కొన్ని ఆటలు గడియారాన్ని ఏకంగా పాత్రగా మార్చాయి. 1986 నాటి టైటో ఆట 'బబుల్ బాబుల్'లో ఆలస్యం చేస్తే 'హర్రీ అప్' అని వస్తుంది. ఆపైన చంపడానికి వీల్లేని అస్థిపంజరం దిగి వెంటపడుతుంది. అదే ఏడాది సెగా 'వండర్ బాయ్' ప్రాణశక్తి పట్టీని దానంతటది తరిగేలా పెట్టి, దారిలో పండ్లు వేలాడదీసింది. ఆగితే ఆకలి, కదిలితే తిండి. డెరెక్ యు చేసిన 'స్పెలంకీ' 2012 రూపంలో 2 నిమిషాల 30 సెకన్లకు దయ్యం వస్తుంది. గోడల్లోంచి నెమ్మదిగా వస్తుంది, తాకితే చావే. కానీ అది రత్నాల మీదుగా పోతే అవి వజ్రాలవుతాయి. దాంతో గడువు తీరాక కూడా ఆట ఆగదు. ధైర్యమున్నవాళ్లు దయ్యాన్ని కావాలనే రత్నాల మీదికి తిప్పుతారు.

అందరికీ కాదు, కోరుకున్నవాళ్లకు

1996లో 'సూపర్ మారియో 64' తలుపులన్నీ తెరిచి వెతుక్కోమంది. వెతుక్కోమని చెప్పి గడువు పెడితే మాటకు చేతకు పొంతన ఉండదు, కాబట్టి లెవెళ్లకు టైమర్ లేదు. కావాల్సిన చోట మాత్రమే వచ్చింది. పీచ్ రహస్య జారుడుబండ మామూలుగా దిగితే ఒక స్టార్, 21 సెకన్లలోపు దిగితే ఇంకొకటి. 1998 నాటి 'క్రాష్ బాండికూట్: వార్ప్‌డ్' లెవెల్ ఒకసారి పూర్తయ్యాకే స్టాప్‌వాచ్ చూపిస్తుంది. తాకితేనే గడియారం మొదలవుతుంది. 1, 2, 3 అని రాసిన పెట్టెలు పగలగొడితే అన్ని సెకన్లు ఆగుతుంది. 2001లో 'వారియో ల్యాండ్ 4' సగం దాకా తీరిగ్గా తిరగనిచ్చి, ఒక స్విచ్ తొక్కగానే గడువు పెట్టి వెనక్కి పరిగెత్తించింది. 2023 జనవరిలో వచ్చిన 'పిజ్జా టవర్' ఆ నమూనాకే ప్రాణం పోసింది.

బిగుతు గడువునే ఆటగా చేసిన మంచి ఉదాహరణ 2013 నాటి 'న్యూ సూపర్ లుయీజీ యు'. ప్రతి లెవెల్ 100తోనే మొదలవుతుంది, హెచ్చరిక సంగీతం మొదటి అడుగు నుంచే పరిగెడుతుంది. అది సాగిందంటే కారణం, లెవెళ్లను కూడా అందుకు తగ్గట్టు కురచగా కొత్తగా కట్టడమే. 'వండర్' ఇందుకు పూర్తిగా అవతలి కొస. అక్కడ ఒక పువ్వు తాకితే లెవెల్ రూపమే మారిపోతుంది. దాన్ని నిలబడి చూడాలి, మూలమూలా తడమాలి. అలాంటి చోట 300 అనే అంకె అడ్డమే.

ఇప్పుడు గడువు పెట్టేవాళ్లు చూసుకునేవి

సొంతంగా గేమ్ చేస్తున్నవాళ్లు తరచూ తప్పేది మొదటి అంకె దగ్గరే. లెవెల్ కట్టినవాడికి ప్రతి గుంటా తెలుసు, అతని 40 సెకన్లు ఎవరికీ ఆధారం కావు. లెవెల్ ఎన్నడూ చూడని కొందరితో ఆడించి, నెమ్మదిగా ఆడి చివరికి గెలిచినవారి సమయం తీసుకోవాలి. దానికి కదిలే బల్లల కోసం ఆగే సమయం కలపాలి. బల్ల ఒక చుట్టుకు 8 సెకన్లు తీసుకుంటే, అలాంటివి మూడు తప్పితే 24 సెకన్లు ఆటగాడి తప్పు లేకుండానే పోతాయి.

గడువు ఫ్రేముల్లో లెక్కిస్తే వేగం తక్కువ ఫోన్‌లో ఎక్కువ సమయం దొరుకుతుంది. సెకన్లలో లెక్కిస్తే ఫోన్ ఒక్క క్షణం బిగుసుకున్నా రెండు మూడు సెకన్లు ఒకేసారి ఎగిరిపోతాయి. సెకన్లలోనే లెక్కించి, ఒక ఫ్రేముకు పదో వంతు సెకను మించి తీయకుండా హద్దు పెట్టడం మేలు. పాజ్, సంభాషణ, తలుపు దాటే దృశ్యం, జెండా తాకాక వచ్చే వేడుక, వీటిలో గడియారం ఆగాలి. చెక్‌పాయింట్ మిగిలిన సమయాన్ని గుర్తుపెట్టుకునేట్టయితే, అక్కడి నుంచి చివరి దాకా కనీసం ఎంత కావాలో దానికి తగ్గకుండా చూడాలి. ఆటగాడు జెండా తాకడం, టైమర్ సున్నా కావడం ఒకే ఫ్రేములో జరిగితే ముందు జెండానే పరీక్షించాలి.