ఈవీ రూట్ యాప్‌లు చెప్పే ఛార్జింగ్ సమయం: అపోహలు - వాస్తవాలు

హైవేలపై ఉన్న ఫాస్ట్ ఛార్జర్ల సెషన్ లాగ్‌లను, అంటే ప్రతి ఛార్జింగ్‌కూ యంత్రం రాసుకునే రికార్డులను, పరిశీలించి లోపాలను గుర్తించడం నా వృత్తి. యాప్ చెప్పిన సమయానికి ఛార్జింగ్ పూర్తి కాలేదన్న ఫిర్యాదుతో వచ్చే లాగ్‌లలో యాప్ లెక్క తప్పడం అరుదు. ఆ లెక్కకు ఆధారమైన ఊహల్లో ఏదో ఒకటి ఆ రోజు నిజం కాకపోవడమే ఎక్కువగా కనిపిస్తుంది.

అపోహ: ఛార్జర్‌పై 60 కిలోవాట్లు అని రాసి ఉంటే కారుకు 60 కిలోవాట్లు అందుతాయి.

అది ఛార్జర్ ఇవ్వగలిగిన గరిష్ఠ సామర్థ్యం మాత్రమే. ఎంత విద్యుత్తు కావాలో ప్రతి క్షణం అడిగేది కారులోని బీఎంఎస్, అంటే బ్యాటరీని పర్యవేక్షించే వ్యవస్థ. పైగా పవర్ అంటే వోల్టేజీని కరెంటుతో గుణించగా వచ్చేది కనుక, 150 ఆంపియర్లకు మించి ఇవ్వలేని గన్‌ను (కారుకు తగిలించే ఛార్జింగ్ ప్లగ్‌ను) 330 వోల్టుల బ్యాటరీ ప్యాక్‌కు తగిలిస్తే అందేది సుమారు 50 కిలోవాట్లే.

ఇంతకంటే పెద్ద తేడా రెండు గన్‌ల ఛార్జర్ల వద్ద వస్తుంది. లాగ్‌లో ఒక కారు 50 కిలోవాట్లకు పైగా తీసుకుంటూ ఉంటుంది. పక్క గన్‌కు రెండో కారు తగిలించగానే ఆ అంకె ఒక్కసారిగా 30కి పడిపోతుంది, ఎందుకంటే అలాంటి చాలా యంత్రాలు ఉన్న సామర్థ్యాన్ని రెండు గన్‌లకూ సగం సగం పంచుతాయి. 40 యూనిట్ల (కిలోవాట్ అవర్ల) బ్యాటరీని 10 శాతం నుంచి 80 శాతానికి నింపడానికి 28 యూనిట్లు కావాలి. సగటున 50 కిలోవాట్లు అందితే దీనికి 34 నిమిషాలు, 30 కిలోవాట్లే అందితే 56 నిమిషాలు పడుతుంది. మీరు సూర్యాపేట చేరేసరికి పక్క గన్‌కు మరో కారు తగిలించి ఉంటుందో లేదో, హైదరాబాద్‌లో బయలుదేరేటప్పుడు విజయవాడ ప్రయాణానికి ప్లాన్ వేసిన యాప్‌కు తెలిసే అవకాశం లేదు.

అపోహ: 50 శాతానికి అరగంట పడితే, 100 శాతానికి గంట చాలు.

80 శాతం దాటాక సెల్ వోల్టేజీ పరిమితిని మించకుండా బీఎంఎస్ కరెంటును క్రమంగా తగ్గిస్తుంది కాబట్టి, చాలా కార్లలో చివరి 20 శాతానికి పట్టే సమయం అంతకుముందు 10 నుంచి 80 వరకు పట్టిన సమయానికి దగ్గరగా ఉంటుంది. మంచి యాప్‌లు కారు మోడల్ ఛార్జింగ్ కర్వ్‌ను, అంటే ఏ శాతం వద్ద ఎంత పవర్ తీసుకుంటుందో చూపే గీతను, చూసే లెక్క వేస్తాయి. ఒకే చోట నిండుగా నింపే బదులు రెండు చోట్ల కొద్దికొద్దిగా నింపమని అవి సూచించేది ఇందుకే, ఆ సూచనను పాటించడం మేలు.

అపోహ: ఛార్జింగ్ ఆలస్యమైతే తప్పు ఛార్జర్‌దే.

ఎక్కువసార్లు ఆ ఆలస్యం రోడ్డు మీదే మొదలవుతుంది. గాలి నిరోధం వేగం వర్గానికి అనుపాతంలో పెరుగుతుంది కనుక, 80 కిలోమీటర్ల వేగంతో పోలిస్తే 100 వద్ద అది ఒకటిన్నర రెట్లకు మించి ఉంటుంది. యాప్ ఊహించినదానికంటే 8 శాతం తక్కువ ఛార్జ్‌తో స్టేషన్‌కు చేరితే, 40 యూనిట్ల బ్యాటరీలో 3.2 యూనిట్లు అదనంగా నింపాలి, అంటే 30 కిలోవాట్ల వద్ద ఆరు నిమిషాలకు పైగా ఎక్కువ ఆగాలి. ఏ బెటర్ రూట్ ప్లానర్ వంటి యాప్‌లలో కారు వినియోగాన్ని మనమే నమోదు చేసే వీలుంది. కంపెనీ ప్రకటించిన రేంజ్‌ను కాకుండా, మీ వేగంతో, మీ లగేజీతో, ఏసీ వేసుకుని నడిపినప్పుడు వచ్చిన వినియోగాన్నే అక్కడ ఇవ్వండి.

మే నెల మధ్యాహ్నం 43 డిగ్రీల ఎండలో రెండు గంటలు ఆగకుండా నడిపిన కారును వెంటనే ఛార్జింగ్‌కు పెడితే, బ్యాటరీ వేడెక్కి ఉన్నందున బీఎంఎస్ కరెంటును తగ్గించవచ్చు. బ్యాటరీని చల్లబరచడానికీ, లోపల కూర్చున్నవారి ఏసీకీ అయ్యే ఖర్చు కూడా వస్తున్న విద్యుత్తులోంచే పోతుంది.

అపోహ: యాప్‌లో ఖాళీ అని చూపిస్తే వెళ్లగానే ఛార్జింగ్ మొదలవుతుంది.

ఖాళీ అంటే ఛార్జర్ తన సర్వర్‌కు చివరిసారి పంపిన సమాచారం ప్రకారం ఆ గన్ ఏ కారుకూ తగిలించి లేదని అర్థం. ఆ స్థలంలో పెట్రోలు కారు నిలిపి ఉందేమో అది చెప్పదు. చెల్లింపు పూర్తయ్యాక కూడా కారు, ఛార్జర్ పరస్పరం మాట్లాడుకుని, ఇన్సులేషన్ పరీక్ష (కరెంటు ఎక్కడా లీక్ కావడం లేదని చూసే పరీక్ష) ముగిశాకే కరెంటు పారుతుంది. అందువల్ల ఆగిన ప్రతి చోటా కొన్ని నిమిషాలు అదనంగా లెక్కలో వేసుకోవాలి.

గన్ తగిలించిన రెండు మూడు నిమిషాలకు తెరపై కనిపించే కిలోవాట్ల అంకెను చూడండి. కావలసిన యూనిట్లను దానితో భాగించి 60తో గుణిస్తే, 80 శాతం లోపు ఎన్ని నిమిషాలు పడుతుందో దాదాపుగా తెలుస్తుంది. ఆ అంకె యాప్ అనుకున్నదానిలో సగమే ఉంటే, తదుపరి స్టేషన్‌కు చేరడానికి సరిపడా మాత్రమే నింపుకుని బయలుదేరడమా, అక్కడే పూర్తిగా నింపుకోవడమా అన్నది అప్పుడే నిర్ణయించుకోవచ్చు.

ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) బ్యాటరీ ఉన్నవారు మరొకటి గమనించాలి. ఈ సెల్స్ వోల్టేజీ మధ్య భాగంలో దాదాపు మారకుండా ఉండటం వల్ల, చాలాకాలం 100 శాతం వరకు నింపకపోతే డాష్‌బోర్డులోని శాతమే తప్పు చూపవచ్చు, అప్పుడు దాని మీద ఆధారపడిన యాప్ సమయం కూడా తప్పుతుంది. కారు మాన్యువల్‌లో చెప్పిన వ్యవధికి ఒకసారి ఇంటి ఛార్జర్‌తో నిండుగా నింపితే బీఎంఎస్ ఆ లెక్కను తిరిగి సరిచేసుకుంటుంది.