హీట్‌మ్యాప్ ఎర్రగా పడితే మోడల్ సరైనదేనా? వైద్య డేటా, ఏఐ గురించి అపోహలు - వాస్తవాలు

పోయిన వారం ఒక పీజీ విద్యార్థి ఫోన్ చేశాడు. "మేడమ్, హీట్‌మ్యాప్ కరెక్ట్‌గా ఊపిరితిత్తుల మీదే పడింది. ఇక థీసిస్‌లో పెట్టేయొచ్చు కదా?" ఈ మాట ఇప్పటికి ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. (హీట్‌మ్యాప్ అంటే ఏఐ మోడల్ బొమ్మలో ఏ భాగం మీద ఆనుకుందో రంగుల్లో చూపే పటం.) పన్నెండేళ్ళుగా హైదరాబాద్‌లో ఛాతీ ఎక్స్‌రేల డేటా పనిలో ఉన్నాను. ఆసుపత్రుల నుంచి, క్యాంపుల నుంచి వచ్చిన ఫిల్ములను శుభ్రం చేసి పరిశోధకులకు ఇచ్చేలా సిద్ధం చేస్తాను. వాటి మీద తయారైన మోడళ్ళు నిజంగా ఏం నేర్చుకున్నాయో కూడా చూస్తాను. డాక్టర్లు, విద్యార్థులు, పేషెంట్ల ఇంటివాళ్ళు అడిగేవాటిలో ఐదారు ప్రశ్నలు మళ్ళీ మళ్ళీ వస్తుంటాయి. అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఈ హీట్‌మ్యాప్ నమ్మకమే. ముందు దాని సంగతి చూద్దాం.

అపోహ: హీట్‌మ్యాప్ సరైన చోట పడితే మోడల్ సరైన కారణంతోనే చెబుతున్నట్టు.

వాస్తవం: కాదు. హీట్‌మ్యాప్ "ఎక్కడ" అన్నది చెబుతుంది, అదీ ఉజ్జాయింపుగా. "ఏం చూసి" అన్నది చెప్పదు.

ఉజ్జాయింపు అని ఎందుకంటున్నానో లెక్క చూడండి. మనవాళ్ళు ఎక్కువగా వాడే డెన్స్‌నెట్, రెస్‌నెట్ అనే మోడళ్ళకు 224 పిక్సెళ్ళ బొమ్మ ఇస్తే, హీట్‌మ్యాప్ గీసే గ్రాడ్‌కామ్ అనే పద్ధతి చూసే చివరి పొర దగ్గరికి వచ్చేసరికి మిగిలేది 7 అడ్డం, 7 నిలువు. మొత్తం 49 గళ్ళు. దాన్నే సాగదీసి, నునుపు చేసి, రంగులేసి ఎక్స్‌రే మీద పరుస్తాం. అంటే ఒక్కో గడి పేషెంటు ఛాతీ మీద దాదాపు ఐదారు సెంటీమీటర్ల ముక్క. అంత ముక్కలో ఒక లింఫ్ గ్రంథి ఉండొచ్చు, ఈసీజీ తీగ ఉండొచ్చు, చొక్కా గుండీ ఉండొచ్చు. పుస్తెలూ ఉండొచ్చు.

పుస్తెల మాట ఊరికే అనలేదు. కొన్నేళ్ళ కిందట మేం టీబీ స్క్రీనింగ్ కోసం ఒక మోడల్ తయారు చేశాం. టీబీ ఉన్న ఫిల్ములు ఎక్కువగా ఆసుపత్రి నుంచి, నార్మల్ ఫిల్ములు ఎక్కువగా ఊళ్ళలో పెట్టిన క్యాంపుల నుంచి వచ్చాయి. మార్కులు బాగా వచ్చాయి. నార్మల్ అని చెప్పిన ఆడవాళ్ళ ఫిల్ముల్లో హీట్‌మ్యాప్ ఛాతీ మధ్యలో, హైలం (ఊపిరితిత్తుల్లోకి గాలి గొట్టాలు, రక్తనాళాలు వెళ్ళే చోటు) దగ్గర ఎర్రగా పడేది. మాతో పనిచేసే రేడియాలజిస్టు గారు చూసి, "బాగుంది, నోడ్స్ (లింఫ్ గ్రంథుల వాపు) ఉన్నాయా లేవా అని చూసుకుని మరీ నార్మల్ అంటోంది" అన్నారు. మేమందరం తలూపాం. నేనూ ఊపాను.

ఆ డేటాను ఒప్పందం మీద బయటి పరిశోధకులకు కూడా ఇచ్చాం. విశాఖలో ఎంటెక్ చేస్తున్న ఒక అమ్మాయి నుంచి మెయిల్ వచ్చింది. "మేడమ్, పుస్తెలు కనిపిస్తున్న ఫిల్ములన్నిటికీ స్కోరు తక్కువే వస్తోంది. నేనేమైనా తప్పు చేస్తున్నానా?" అని.

ఆ అమ్మాయి తప్పేమీ చేయలేదు. ఆసుపత్రిలో ఎక్స్‌రే గదిలోకి వెళ్ళేముందు ఆయమ్మ పుస్తెలు తీయిస్తుంది. పసుపు తాడు ఉంచుకున్నా అది ఎక్స్‌రేలో కనిపించదు. క్యాంపులో ఆ తీరిక ఎక్కడిది? స్కూలు వరండాలో దుప్పటి అడ్డం కట్టి తీస్తారు, వెనక వందమంది లైన్‌లో ఉంటారు. పైగా పరాయి మగవాడు తీయమంటే పుస్తెలు తీసే ఆడవాళ్ళు మన ఊళ్ళలో ఎంతమంది ఉంటారు? అలా క్యాంపు ఫిల్ముల్లో పుస్తెలు తెల్లగా, స్పష్టంగా పడ్డాయి. క్యాంపు ఫిల్ములు ఎక్కువగా నార్మల్. కాబట్టి మోడల్ నేర్చుకున్న పాఠం: మెడలో బంగారం ఉంటే జబ్బు లేదు.

అదే రోజు కొన్ని ఫిల్ముల్లో పుస్తెలను చుట్టుపక్కల నీడతో చెరిపేసి మళ్ళీ నడిపాం. ఒక ఫిల్ము నాకిప్పటికీ గుర్తుంది. కుడి పైలోబులో మచ్చ ఉంది, తెమడ పరీక్షలో టీబీ తేలింది. పుస్తెలు ఉన్నప్పుడు నార్మల్ అంది. చెరపగానే స్కోరు ఎగిరి టీబీ వైపు పడింది. ఊపిరితిత్తిలో ఒక్క పిక్సెల్ కూడా మేం ముట్టుకోలేదు.

అదృష్టం కొద్దీ ఆ మోడల్ ఇంకా పేషెంట్ల దాకా వెళ్ళలేదు. వెళ్ళి ఉంటే? క్యాంపుకు వచ్చిన ఒక తల్లికి "ఏం లేదమ్మా, వెళ్ళు" అని చెప్పి పంపేసేవాళ్ళం. ఆమె దగ్గుతూ ఇంటికెళ్ళి పిల్లల పక్కన పడుకునేది. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ మనసు మనసులో ఉండదు.

ఇది మా ఒక్కరికే జరిగింది కాదు. 2018లో అమెరికాలో న్యుమోనియా మోడళ్ళను పరీక్షించిన ఒక అధ్యయనంలో, మోడల్ ఎక్స్‌రే చూసి అది ఏ ఆసుపత్రిదో దాదాపు తప్పు లేకుండా చెప్పేసింది. టెక్నీషియన్ మూలన పెట్టే లోహపు గుర్తు కూడా దానికి ఆధారమైంది. న్యూమోథొరాక్స్ (ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం) సంగతీ అంతే. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ 2017లో బయటపెట్టిన లక్షా పన్నెండు వేల ఎక్స్‌రేలలో న్యూమోథొరాక్స్ అని రాసి ఉన్నవాటిలో చాలావాటిలో అప్పటికే చెస్ట్ డ్రెయిన్ (ఆ గాలి తీసే ట్యూబు) ఉంది. మోడల్ జబ్బును కాకుండా, వైద్యం చేసిన ట్యూబును పట్టుకుంటోంది. కోవిడ్ సమయంలో అయితే చెప్పనక్కర్లేదు. కోవిడ్ ఫిల్ములు ఒకచోటి నుంచి, కోవిడ్ కానివి చైనాలోని గ్వాంగ్‌జౌలో ఏడాది నుంచి ఐదేళ్ళ లోపు పిల్లల ఫిల్ముల నుంచి తెచ్చి కలిపేశారు. మోడల్ కోవిడ్ నేర్చుకుందా, పెద్దవాళ్ళకూ పిల్లలకూ తేడా నేర్చుకుందా? 2021లో ఒక బృందం ఇలాంటి 2,212 అధ్యయనాలను వెతికి తీసి, వడపోసి, మిగిలిన 62ను లోతుగా చూసింది. ఆసుపత్రిలో వాడదగ్గది ఒక్కటీ తేలలేదు. వాటిలో ఎన్నిటికి అందమైన హీట్‌మ్యాప్‌లు ఉన్నాయో చదివినవాళ్ళకు తెలుసు.

ఇంకో సంగతి కూడా తెలియాలి. 2018లో కొందరు పరిశోధకులు శిక్షణ పొందిన మోడల్ బరువులన్నీ (అది నేర్చుకున్న అంకెలు) చెరిపేసి, అడ్డదిడ్డమైన అంకెలు పెట్టి హీట్‌మ్యాప్‌లు తీశారు. ఏమీ తెలియని మోడల్ నుంచి కూడా గైడెడ్ బ్యాక్‌ప్రాప్ లాంటి హీట్‌మ్యాప్ పద్ధతులు దాదాపు అదే బొమ్మ ఇచ్చాయి. గ్రాడ్‌కామ్ ఆ పరీక్షలో నెగ్గింది, అది ఒప్పుకోవాలి. నెగ్గినంత మాత్రాన పుస్తెలకూ గ్రంథికీ తేడా చెప్పదు.

నాకు ఫోన్ చేసిన అబ్బాయికి చెప్పిందే ఇక్కడా చెబుతున్నాను. ఊపిరితిత్తుల భాగం మొత్తం నల్లగా కప్పేసి, మిగిలిన అంచులతోనే మోడల్‌కు శిక్షణ ఇవ్వండి. అప్పుడూ మంచి మార్కులొస్తే మీ డేటాలోనే తేడా ఉంది. అనుమానం వచ్చిన వస్తువును చెరిపి మళ్ళీ నడపండి. అసలు చూడని ఆసుపత్రి ఫిల్ములు తెచ్చి పరీక్షించండి. అతను రెండు రోజులకు మళ్ళీ ఫోన్ చేశాడు. నార్మల్ ఫిల్ములన్నీ చైనాలోని షెన్‌జెన్ పబ్లిక్ సెట్ నుంచి, టీబీ ఫిల్ములన్నీ తన కాలేజీ ఆసుపత్రి నుంచి తీసుకున్నాడట. కప్పేసినా మార్కులు పెద్దగా తగ్గలేదు. గొంతులో ఏడుపు వినిపించింది. గైడ్‌తో మాట్లాడి గడువు పెంచుకోమన్నాను. ఆ షెన్‌జెన్ సెట్‌లోనే 336 టీబీ ఫిల్ములు, 326 నార్మల్ ఫిల్ములు ఉన్నాయి. రెండు రకాలూ రెండు చోట్ల నుంచీ తీసుకుంటే పని మళ్ళీ మొదలుపెట్టొచ్చు. ఇలాంటి పిల్లలను తిట్టి లాభం లేదు. "హీట్‌మ్యాప్ పెట్టు, పేపర్ పడుతుంది" అని వాళ్ళకు చెప్పినవాళ్ళ మీదే నాకు కోపం.

అపోహ: డేటా ఇవ్వకపోయినా పర్లేదు, మోడల్ వివరణ ఇస్తే చాలు.

ఇది పైదానికి తోబుట్టువు. విశాఖ అమ్మాయి మా తప్పు పట్టుకోగలిగింది ఎందుకంటే ఆమె చేతిలో అసలు ఫిల్ములు ఉన్నాయి, ఫిల్ము క్యాంపుదో ఆసుపత్రిదో చెప్పే కాలమ్ ఉంది. డేటా తయారుచేసేటప్పుడు ఆ కాలమ్ అనవసరమని తీసేద్దామన్నవాళ్ళు కూడా మాలో ఉన్నారు. మేం హీట్‌మ్యాప్‌లు మాత్రమే అచ్చేసి ఊరుకుంటే ఆమె కూడా మాలాగే తలూపేది. కాబట్టి డేటా పంచుకునేవాళ్ళకు నా మనవి: ఏ మిషన్, పోర్టబులా కాదా, ఏ రకం చోటు, లేబుల్ ఎవరు ఏ పరీక్ష చూసి పెట్టారు, ఇవి లేకుండా ఫిల్ములు మాత్రమే ఇవ్వకండి. "అడిగితే ఇస్తాం" అని పేపర్ చివర రాస్తే సరిపోదు. 2022లో అలా రాసిన 1,792 పేపర్ల రచయితలను నిజంగానే అడిగి చూశారు. ఇచ్చినవాళ్ళు నూటికి ఏడుగురు కూడా లేరు.

అపోహ: షాప్ వాల్యూలు జబ్బుకు కారణం చెబుతాయి.

షాప్ వాల్యూలు అంటే మోడల్ జవాబులో ఒక్కో అంశం వాటా ఎంతో చూపే అంకెలు. మోడల్ దేని మీద ఆనుకుందో చెబుతాయి, అంతే. దీనికి పాత ఉదాహరణ ఒకటుంది. 1990లలో అమెరికాలో న్యుమోనియా పేషెంట్ల రికార్డుల నుంచి ఒక వ్యవస్థ, ఆస్తమా ఉంటే చావు ప్రమాదం తక్కువ అని నేర్చుకుంది. లెక్క నిజమే. ఆస్తమా ఉన్నవాళ్ళను నేరుగా ఐసీయూలో పెట్టి జాగ్రత్తగా చూశారు కాబట్టి బతికారు. ఆ అంకె నమ్మి వాళ్ళను ఇంటికి పంపి ఉంటే ఏమయ్యేది? ఆ నియమం మనిషి చదవగలిగేలా ఉంది కాబట్టే డాక్టర్లు పట్టుకున్నారు. టేబుల్ రూపంలో ఉండే డేటాకు చదివితే అర్థమయ్యే మోడల్ ముందు ప్రయత్నించండి. చాలాసార్లు అది పెద్ద మోడల్‌కు ఏమీ తీసిపోదు.

అపోహ: పేరు తీసేస్తే పేషెంటు ఎవరో తెలియదు.

పేరు తీయడం మొదటి మెట్టు. 1997లో లటాన్యా స్వీనీ అనే పరిశోధకురాలు పేర్లు లేని ఆసుపత్రి రికార్డుల్లోంచి మసాచుసెట్స్ గవర్నర్ విలియం వెల్డ్ రికార్డును పట్టుకుంది. ఆమెకు కావలసివచ్చింది 20 డాలర్లకు కొన్న ఓటర్ల జాబితా, పుట్టిన తేదీ, ఆడా మగా, జిప్ కోడ్. మన దగ్గర ఒక చిన్న మండలం పేరు, 19 ఏళ్ళ అమ్మాయి, ఎండీఆర్ టీబీ (మామూలు మందులకు లొంగని టీబీ) అని రాస్తే చాలు, ఆ ఊళ్ళో అందరికీ తెలిసిపోతుంది. డైకామ్ హెడర్ (ఎక్స్‌రే ఫైలులో పేషెంటు వివరాలుండే భాగం) శుభ్రం చేసినా, ఫిల్ము మూలన అక్షరాలుగా పేరు ముద్రపడి ఉంటుంది. నేను రోజూ చెరిపేది అదే. తల ఎంఆర్‌ఐ అయితే ముఖమే తిరిగి కట్టొచ్చు. 2019లో మేయో క్లినిక్ వాళ్ళు అలా కట్టిన ముఖాలను ఫొటోలతో పోల్చితే 84 మంది వాలంటీర్లలో 70 మంది దొరికిపోయారు.

అందుకే ఓపెన్ అంటే గేటు తీసిపెట్టి వెళ్ళిపోవడం కాదు. ఐసీయూ రికార్డులుండే మిమిక్ డేటా కావాలంటే శిక్షణ పూర్తిచేసి, ఒప్పందం మీద సంతకం పెట్టాలి. అందులో ఒక్కో పేషెంటు తేదీలన్నీ ఒకే లెక్కన ముందుకు జరిపి ఉంటాయి. అసలు తేదీ తెలియదు, మధ్య ఎన్ని రోజులో మాత్రం చెదరదు. మన దేశంలోవాళ్ళ జన్యు సమాచారం సేకరించిన జీనోమ్‌ఇండియా ప్రాజెక్టు 10,000 జీనోముల డేటా ఫరీదాబాద్‌లోని ఇండియన్ బయలాజికల్ డేటా సెంటర్‌లో ఉంది. 2025 జనవరి నుంచి పరిశోధకులకు అందుబాటులోకి వచ్చింది, అదీ దరఖాస్తు పెట్టుకుంటేనే.

"మన డేటా ఇస్తే బయటివాళ్ళు పేపర్లు వేసేసుకుంటారు" అన్నదానికి ఎక్కువ చెప్పను. డేటా సెట్‌కే డీఓఐ (పేపర్లకు ఇచ్చేలాంటి శాశ్వత గుర్తింపు నంబరు) వస్తుంది, దాన్నే ఉదహరిస్తారు. 1971లో ఏడు ప్రొటీన్ నిర్మాణాలతో మొదలైన ప్రొటీన్ డేటా బ్యాంక్‌లో ప్రపంచం మొత్తం తన పని దాచుకుంది కాబట్టే ప్రొటీన్ల ఆకారం అంచనా వేసే ఏఐ ఆల్ఫాఫోల్డ్ నేర్చుకోవడానికి ఏదో ఒకటి ఉంది.

అపోహ: డేటా ఇవ్వడానికి ఒప్పుకుంటూ సంతకం పెట్టకపోతే వైద్యం ఆపేస్తారు.

ఆపరు. ఆపకూడదు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) మార్గదర్శకాల ప్రకారం డేటా ఇవ్వడం పూర్తిగా మీ ఇష్టం. ఇచ్చాక కూడా మానుకోవచ్చు. కాకపోతే అప్పటికే వేరేవాళ్ళు తీసుకున్న కాపీని వెనక్కి తేవడం కష్టం. ఈ మాట సంతకానికి ముందే చెప్పాలి, చాలామంది చెప్పరు.

ఒకసారి నల్గొండ వైపు నుంచి ఒకాయన వచ్చాడు. చేతిలో మడతలు పడ్డ కాగితం, కూతురు సంతకం చేయాల్సిన ఫారం. కూర్చోమన్నా కూర్చోలేదు. "అమ్మా, బిడ్డకు సంబంధాలు చూస్తున్నం. టీబీ అని నెట్‌ల వస్తదా?" అన్నాడు. ఆయన భయం చిన్నది కాదు. టీబీ తగ్గిపోతుంది, ఆ మాట మాత్రం ఊళ్ళో పోదు. స్క్రీన్ తిప్పి, శుభ్రం చేసిన ఒక రికార్డు చూపించాను. ఒక నంబరు, వయసు 15 నుంచి 24 మధ్య, ఆడ, ఫిల్ము. ఊరు లేదు, తేదీ లేదు. చాలాసేపు చూశాడు. "ఈ పిల్ల ఎవరో నీకు ఎరుకేనా?" అన్నాడు. "ఈ ఫైలు చూస్తే నాకూ తెలియదు. ఏ నంబరు ఎవరిదో చెప్పే జాబితా వేరే ఉంటుంది, తాళం వేసి. అది ఎవరికీ ఇవ్వం" అన్నాను. అమ్మాయినే అడిగి చెబుతానని కాగితం మళ్ళీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మర్నాడు ఆ అమ్మాయే వచ్చింది. ముఖానికి మాస్కు, చేతిలో మందుల కవరు. ఫారం మొత్తం చదివింది, రెండు ప్రశ్నలు అడిగింది, ఆలోచించింది. "పెళ్ళయ్యాక అడగండి మేడమ్, ఇప్పుడు వద్దు" అంది. సరేనమ్మా అన్నాను. ఆమె ఫిల్ము మా సెట్‌లో లేదు. ఆరు నెలల మందులు మాత్రం ఒక్క రోజు కూడా ఆగలేదు.