మిడిల్‌టన్ ప్లేస్ తోట: అపోహలు - వాస్తవాలు

చారిత్రక తోటల పరిరక్షణ నా వృత్తి. అమెరికాలో సౌత్ కరోలినా రాష్ట్రం, చార్లెస్టన్ దగ్గర యాష్లీ నది ఒడ్డున ఉన్న మిడిల్‌టన్ కుటుంబం పాత ఎస్టేటు మిడిల్‌టన్ ప్లేస్ గురించి తరచూ వినిపించే మాటలివి.

అపోహ: అక్కడ కనిపించే ఇల్లే పాత యజమానుల బంగళా.

కాదు. అసలు బంగళాను 1865 ఫిబ్రవరిలో, అమెరికా అంతర్యుద్ధంలో, యూనియన్ (ఉత్తరాది పక్షం) సైనికులు తగలబెట్టారు. మిగిలిన మొండిగోడలను 1886 భూకంపం కూల్చేసింది. ఇప్పుడు మ్యూజియంగా ఉన్నది 1755లో కట్టిన దక్షిణం వైపు పక్క భవనం.

అపోహ: మెట్లమెట్లుగా దిగే ఆ తోటను అప్పటి యజమాని హెన్రీ మిడిల్‌టన్ కట్టాడు.

1741లో మొదలుపెట్టించింది ఆయనే. తవ్వి, మోసి, చదును చేసింది మాత్రం ఆయన బానిసలుగా ఉంచుకున్న ఆఫ్రికన్లు. వందమందికి దాదాపు పదేళ్లు పట్టిందని చెబుతారు. యంత్రాలు లేని కాలం. పైనుంచి నది వైపు చూస్తే పచ్చిక మెట్లు వంపు తిరుగుతూ దిగుతాయి, అడుగున సీతాకోకచిలుక రెక్కల ఆకారంలో రెండు చెరువులు. ఆ వంపులు అంత పొందికగా వచ్చాయంటే అది వట్టి చాకిరీ కాదు, పనితనం. 1738 నుంచి 1865 వరకు ఆ కుటుంబం చేతిలో బానిసలుగా బతికినవాళ్ల పేర్లు 2,800కు పైగా సేకరించి అక్కడ ప్రదర్శనలో పెట్టారు. తోట చూడటానికి వెళ్లేవాళ్లు ముందు ఆ పేర్లు చదవాలని నా కోరిక.

అపోహ: ఇంత వైభవానికీ ఆ ఒక్క ఎస్టేటే ఆధారం.

అది కుటుంబం ఉండే చోటు. సంపదలో ఎక్కువ భాగం వాళ్ల ఇతర ఎస్టేట్లలో పండిన వరి నుంచి వచ్చింది. ఆ తీరంలో సముద్రపు పోటుకు నది ఎగసినప్పుడు చెక్క తూములు తెరిచి మళ్లకు నీళ్లు పెట్టేవారు, పోటు తగ్గే పాటు వేళ వదిలేసేవారు. గట్లు వేసింది, తూములు కాసింది కూడా బానిసలే.

అపోహ: గడ్డే కదా, కోస్తే చాలు.

పచ్చిక మెట్లకు అసలు శత్రువు నీళ్లు. రాతిగోడ అండ లేని మట్టివాలును పట్టి ఉంచేది గడ్డివేళ్లే. వాన నీరు ఒకేచోట నుంచి జారితే ముందు సన్నని గాడి పడుతుంది, వదిలేస్తే అంచు జారిపోతుంది. అందుకే తడినేల మీద బరువైన కోతయంత్రం ఎక్కించకూడదు. జారిన చోట పైపైన మట్టి పోస్తే నిలవదు. కింది పొర నుంచి కొంచెం కొంచెంగా దిమ్మిసతో కొట్టి, మీద గడ్డి పలకలు పరవాలి, వేళ్లు పట్టేదాకా మనుషుల్ని ఎక్కనివ్వకూడదు.