నార్వాల్: పన్ను బయట, బోసినోరు లోపల

మధ్యయుగాల యూరప్‌లో రాజులు బంగారానికి మించిన ధర పెట్టి కొన్న ‘ఒంటికొమ్ము గుర్రపు కొమ్ము’ నిజానికి ఒక తిమింగలం పన్ను. ఆ కొమ్ముతో చేసిన గిన్నెలో పోస్తే విషం విరిగిపోతుందని వాళ్ల నమ్మకం. అది ఉత్తర ధ్రువ సముద్రాల్లో తిరిగే నార్వాల్ కోర అని 1638లోనే డెన్మార్క్ వైద్యుడు ఓలే వార్మ్ పుర్రెను చూపించి మరీ తేల్చినా, ఆ శతాబ్దంలోనే కోపెన్‌హాగెన్‌లో తయారైన రాజసింహాసనానికి ఈ కోరలనే వాడారు. నిజం తెలిసినంత మాత్రాన మోజు తీరదు కదా!

ఏనుగు దంతాలు ముందుపళ్లు పెరిగి వచ్చినవి. నార్వాల్‌ది మాత్రం కోరపన్ను. మగజంతువు పైదవడలో ఎడమవైపున్న ఆ పన్ను పెదవిని చీల్చుకుని, తాడు పేనినట్టు ఎడమకు మెలితిరుగుతూ, మూడు మీటర్ల దాకా పెరగగలదు. అరుదుగా రెండు కోరలు వచ్చినప్పుడు కుడివైపుది కూడా ఎడమకే తిరుగుతుంది. మెలికల గాడుల్లో నాచు పట్టి ఉంటుంది గానీ, కొన మాత్రం ఒరుసుకుని తెల్లగా నిగనిగలాడుతుంది.

ఇంత పెద్ద కోర దేనికి? నీటిలో ఉప్పు శాతం మారితే కోర దాన్ని పసిగట్టగలదని 2014లో వెలువడిన ఒక పరిశోధన సూచించింది. 2017లో బయటికి వచ్చిన డ్రోన్ దృశ్యాల్లో నార్వాళ్లు కోరతో చేపలను కొట్టి దిమ్మతిరిగేలా చేయడం కనిపించింది. అయితే చాలామటుకు ఆడవాటికి కోరే ఉండదు, అయినా అవి నిక్షేపంగా బతుకుతున్నాయి. కాబట్టి ఇది ప్రధానంగా నెమలి పింఛం లాంటి మగ ఆడంబరమే అనుకోవడం సబబు.

కోరను పక్కనపెడితే ఒళ్లు నాలుగైదు మీటర్ల పొడవు, బరువు 1,600 కిలోల వరకు ఉంటుంది. వీపు మీద రెక్క లేకపోవడం మంచుపలకల కింద ఈదడానికి అనుకూలం. పుట్టినప్పుడు నీలిబూడిద రంగులో ఉండే చర్మం క్రమంగా నల్లబడి, ఆపై మచ్చలు తేలి, ముసలితనానికి దాదాపు తెల్లబడుతుంది. ఆ పాలిపోయిన మచ్చలను చూసే ప్రాచీన నార్స్ భాషలో శవం అనే అర్థమిచ్చే ‘నార్’ పదంతో దీనికి పేరు పెట్టారని చెబుతారు.

విచిత్రమేమిటంటే నోటిలోపల పనికొచ్చే పన్ను ఒక్కటీ లేదు. చలికాలంలో బాఫిన్ అఖాతపు మంచు కింద 1,500 మీటర్లకు పైగా లోతుకు, వెలుతురు ఏమాత్రం చొరని చోటికి మునిగి, టకటకమనే శబ్దాల ప్రతిధ్వనితో హాలిబట్ చేపలను వెతికి పట్టుకుని, నోటితో పీల్చి, నమలకుండానే మింగేస్తుంది. అడుగున చాలాసార్లు వెల్లకిలా ఈదుతుంది.

ఎంత లోతుకు వెళ్లినా ఊపిరి కోసం మంచు పగుళ్ల దగ్గరికి రావలసిందే. ఆ పగుళ్లు హఠాత్తుగా గడ్డకడితే మందకు మందే చిక్కుకుపోతుంది. 2008 నవంబరులో కెనడాలోని పాండ్ ఇన్‌లెట్ దగ్గర ఇలా ఆరువందలకు పైగా నార్వాళ్లు చిక్కుకున్నప్పుడు, ఇక బయటపడే దారి లేదని తేలాక, స్థానిక ఇన్యూట్ వేటగాళ్లు వాటిని చంపి మాంసాన్ని ఆహారంగా వాడుకున్నారు. ‘ముక్తుక్’ అని పిలుచుకుంటూ కొవ్వుతో సహా వాళ్లు తినే నార్వాల్ చర్మంలో, పండ్లూ కూరగాయలూ పండని ఆ నేలలో దొరకడం కష్టమైన విటమిన్ సి ఉంటుంది.